రాగాన్ని గెలిచి, రీలు దగ్గర ఓడి

పద్యం చివర రాగం తీస్తే హాలంతా ‘వన్స్‌మోర్’ అని అరిచే కాలమది. చచ్చిపడిన పాత్ర సైతం లేచి మళ్లీ పాడి పడిపోయేది. ఆ రోజుల్లో హార్మోనియాన్ని వెనక్కి నెట్టి, మాటకూ చూపుకూ పెద్దపీట వేసిన మొండిఘటం బళ్లారి రాఘవ.

1880లో తాడిపత్రిలో పుట్టారు. నాటకం పిచ్చి మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యుల ఇంటి నుంచే అంటుకుంది. పగలు బళ్లారి కోర్టులో ప్లీడరు, రాత్రి స్టేజీ మీద పఠాన్ రుస్తుం వేషం. 1927లో బెంగళూరులో ఆయన ‘దీనబంధు కబీర్’ నాటకాన్ని గాంధీజీ చూశారు.

అంతటి మనిషిని యాభై అయిదేళ్లు దాటాక సినిమా పిలిచింది. 1936లో ద్రౌపది కథను రెండు సంస్థలు పోటాపోటీగా తీశాయి. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో రాఘవ. జనం మొదటిదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. రెండోది బోల్తా పడింది.

తప్పంతా పోటీదేనని నేననుకోను. స్టేజీ మీద దుర్యోధనుడు ఒక్క క్షణం మాటాడకుండా నిలబడితే, వెనక చాప మీద కూర్చున్నవాడు కూడా ఊపిరి బిగబట్టేవాడు. ఆ బిగువు నటుడికి తెలిసేది. మౌనాన్ని ఇంకో క్షణం సాగదీయాలో, మాటతో తెంచాలో అక్కడికక్కడే తేల్చుకునేవాడు. స్టూడియోలో ఎదురుగా ఉన్నది కెమెరా. గొంతు మైకుకి సరిపోవాలి, అడుగు గీత దాటకూడదు. కోపం వేడెక్కేసరికి ‘కట్’. రాగం నుంచి ఆయన కాపాడుకొచ్చిన మౌనాన్ని కత్తెర తీసుకుపోయింది.

మళ్లీ 1939లో ‘రైతుబిడ్డ’. ఈసారి కిరీటం లేదు, గద లేదు, రాఘవ రైతు. ఆ సినిమా జమీందార్లకు గుచ్చుకుంది, నిషేధాల పాలైంది. మరుసటి ఏడు ‘చండిక’. సినిమాతో ఆయన పొత్తు అంతే.

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. అది కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు. ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవం. ఏటా ఆ రోజు ఎక్కడో ఒక ఊళ్లో తెర లేస్తుంది. రీలు నిలబెట్టలేని మనిషి తద్దినం, ఎవరూ అనుకోకుండానే, స్టేజీ మీద జరిగిపోతుంది.