పాఠశాలలో మాలపల్లి

ఒక గ్రంథము రచింపబడిన చరిత్ర వేఱు, అది చదువబడిన చరిత్ర వేఱు. మొదటిదానిని మన సాహిత్యచరిత్రకారులు శ్రద్ధతో వ్రాసియున్నారు. రెండవదానిని వ్రాయువారు అరుదు. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి 'మాలపల్లి' విషయమున ఈ రెండవ చరిత్రయే యెక్కువ విచిత్రమైనదని నా యభిప్రాయము. ఏలయన, ఆ పుస్తకమును తరగతిలోనికి రానిచ్చుటయా మానుటయా యను ప్రశ్న ఒకప్పుడు ప్రభుత్వమునకే సమస్యయైనది. నెల్లూరు సముద్రతీరమున, బకింగ్‌హాము కాలువకు కొలదిదూరములో నున్న యొక యున్నతపాఠశాలలో తెలుగు చెప్పుకొని జీవించు నాకు అదే ప్రశ్న వేఱొక రూపమున నెదురైనది.

పంతులుగారు 1877 డిసెంబరు 4వ తేదీన గుంటూరు మండలములోని వేములూరుపాడున జన్మించిరి. డబ్లినులో న్యాయశాస్త్రము చదివి బారిస్టరయి వచ్చిరి. వితంతు వివాహములు జరిపించిరి. గుంటూరులో స్త్రీవిద్యకై శారదానికేతనము స్థాపించిరి. పలనాటి యటవీ సత్యాగ్రహ సందర్భమున చెఱకు పోయి, రాయవెల్లూరు చెఱసాలలో నుండగా ఈ నవల వ్రాసిరి. 1922లో అచ్చుపడినదో లేదో, చెన్నపురి ప్రభుత్వము దానిని నిషేధించినది. 1926లో శాసనమండలిలో దానిపై వాదోపవాదములు జరిగినవి. 1928లో కొన్ని మార్పులతో ప్రచురించుటకు అనుమతి వచ్చినది. ఆ తరువాత ఆంధ్రవిశ్వవిద్యాలయమువారు దానిని పాఠ్యగ్రంథముగా నెన్నుకొనిరి. 1936లో ప్రభుత్వము మరల నిషేధించెను. పాఠ్యగ్రంథ స్థానమునుండియు దానిని తొలగించిరి. 1937లో రాజగోపాలాచారిగారు ప్రధానులైన పిదపగాని ఆ నిషేధము పోలేదు.

ఈ తేదీలను వరుసగా చూచిన పాఠకునకు ఒక సంగతి స్ఫురింపక మానదు. కొన్ని మార్పులతో ఎనిమిదేండ్లు సహింపబడిన పుస్తకము, విద్యార్థుల చేతికి వచ్చిన పిమ్మట మరల నిషేధమునకు గురియైనది. ఇంటిలో నొంటిగా చదువుకొనువాడు చదివి, నిట్టూర్చి, పుస్తకము మూసివేయును. తరగతిలో అట్లు గాదు. అచ్చట నొకడు చదువును, నలువదిమంది విందురు. వినువారిలో చౌదరయ్య మనుమడు నుండును, సంగదాసు మనుమడు నుండును. ఇద్దఱును ఒకే బల్లపై కూర్చుందురు. చెన్నపురి దొరలు ఇంతదూర మాలోచించిరో లేదో గాని, నిషేధించుటలో వారి చూపు మందమైనదని నేననజాలను.

ఇట్టి చరిత్ర మనకే ప్రత్యేకము గాదు. అమెరికాలో మార్క్ ట్వేయిన్ వ్రాసిన 'హకల్‌బెరీ ఫిన్' నవలను 1885లోనే కాంకర్డు గ్రామపు గ్రంథాలయమువారు బహిష్కరించిరి. హార్పర్ లీ యను రచయిత్రి 1960లో ప్రకటించిన 'టు కిల్ ఎ మాకింగ్ బర్డ్' నవలను 1966లో వర్జీనియాలోని హానోవరు కౌంటీ పాఠశాలా సంఘమువారు తొలగింప నిశ్చయించిరి. చేయని నేరము మోపబడిన యొక నల్లజాతివానిని, అతని పక్షమున వాదించిన యొక తెల్లజాతి న్యాయవాదిని గూర్చిన కథ యది. మొదట నీతికి విరుద్ధమని దానిని వెడలగొట్టజూచిరి. పిమ్మట కొన్ని యేండ్లకు, అందు నల్లవారిని దూషించు పదము పలుమాఱు వచ్చుచున్నదనియు, దానిని బిగ్గరగా చదువుచుండగా నల్లజాతి బాలురు తలవంచుకొని కూర్చుండవలసి వచ్చుచున్నదనియు వారి తల్లిదండ్రులే మొఱపెట్టిరి. ఈ రెండు ఆక్షేపణలును ఒక తూకమునకు వచ్చునవి గావు. మొదటిది పుస్తకమునకు భయపడుట; రెండవది పిల్లవాని యభిమానమును కాపాడుట. ఈ భేదము నాకు గ్రంథములవలన తెలియలేదు. నా తరగతియే తెలిపినది.

దానికి ముందు మా ప్రాంతపు బడుల పూర్వకథ కొంత చెప్పవలెను. 1840లో సామ్యూల్ డే యను అమెరికను బాప్టిస్టు మిషనరీ నెల్లూరు చేరెను. 1866లో క్లౌ దొర ఒంగోలునకు వచ్చెను. ఒంగోలు అప్పుడు నెల్లూరు మండలములోనిదే. మాదిగలు వచ్చి చేరుచున్నారని తెలిసి, ఆ దొర బడిలో చదువుచుండిన బ్రాహ్మణ బాలురు అభ్యంతరము తెలిపిరి. 1876 మొదలు 1878 వఱకు గొప్ప కఱవు వచ్చినప్పుడు, బకింగ్‌హాము కాలువలో కొంతభాగము త్రవ్వించు గుత్తను క్లౌ దొర పుచ్చుకొని ఆ పేదలకు కూలి దొరకునట్లు చేసెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున నొక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మతము మాట యటుండనిండు; మాలమాదిగపల్లెలలో పలక బలపములు కనబడుట కిది యొక ముఖ్యకారణమయినది. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు పెన్నయొడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. పొణకా కనకమ్మగారి వంటి వారు దానికి అండగా నిలిచిరి. మా పాఠశాల కిటికీనుండి కనబడు ఆ కాలువగట్టు ఎవరి చేతిమట్టితో లేచినదో, ఎవరి పిల్లలకు ఏ బడి తలుపు మూయబడినదో తెలిసినవాడు 'మాలపల్లి'ని వట్టి కథగా చదువలేడు.

శనివారము మధ్యాహ్నము పాఠ్యపుస్తకమును ప్రక్కకుబెట్టి ఒక మంచి గ్రంథము చదివించుట నా యలవాటు. క్రిందటేడు తొమ్మిదవ తరగతివారికి ఈ నవల నెన్నుకొంటిని. నల్లబల్లపై పేరు వ్రాసితిని. చదువ మొదలిడిన కొంతసేపటికి నా నోటికి నేనే భయపడితిని. 'మాల' యను మాట వచ్చినచోటనెల్ల దానిని మ్రింగి 'హరిజన' మనియు 'దళిత' మనియు మార్చి చదువసాగితిని. 1989 నాటి యత్యాచార నిరోధక చట్టమును తోడియుపాధ్యాయు డొకరు ముందే నాకు జ్ఞాపకము చేసియుండిరి. అవమానించు నుద్దేశముతో కులము పేర దూషించుటయే యా చట్టమున నేరము గాని, నవల చదువుట గాదని తెలిసియు, నా నోరు నాకు లోబడలేదు.

కాలువ యావలి వాడనుండి వచ్చు బాలు డొకడు లేచి, "సార్, పుస్తకంలో ఉండే మాట మీరు మార్చి చదవతా ఉండారు. ఊళ్లో మమ్మల్ని ఆ మాటతోనే పిలస్తారు. అప్పుడెవరూ మార్చరు గదా?" అనెను. తరగతి నిశ్శబ్దమయ్యెను. నేను వెనుకటి పుట త్రిప్పి, ఉన్నదున్నట్లు మరల చదివితిని. వానివలన గెలిచితినని యనుకొంటిని గాని, ఆ సాయంకాలమే అదే వాడ బాలిక యొకతె గదిబయట నిలిచి, "ఆ మాట వచ్చినప్పుడల్లా అందరూ నా వైపే చూస్తా ఉండారు సార్. నేను శనివారం రాను" అని చెప్పెను.

ఇద్దఱిలో నెవరిది తప్పు? నాకు నిద్రపట్టలేదు. మాట దాచినచో బాలునకు అన్యాయము. చెప్పినచో బాలికకు అవమానము. ఆలోచింపగా ఆలోచింపగా, దోషము మాటలో లేదనియు, తలలు త్రిప్పిన ముప్పదియెనిమిది మందిలో నున్నదనియు, వారిని సిద్ధపఱుపక పుస్తకము తెఱచిన నాలో అంతకన్న నెక్కువ యున్నదనియు తోచెను. మఱుసటి శనివారము నవల చదువలేదు. ఆ మాట పల్లెకు పేరైనప్పు డొకటి, తనను తాను చెప్పుకొనునప్పు డొకటి, ఒకడు వేఱొకనిపై విసరినప్పు డొకటి యని చెప్పితిని. విసరిన చోట్లను నేనే చదువుదునని, వాడపిల్లల నెవ్వరిని వారి కులమునకు సాక్షులుగా నిలువబెట్టి యడుగబోనని మాట యిచ్చితిని. బాలిక రెండువారములు రాలేదు. మూడవవారము వచ్చి వెనుకబల్లపై కూర్చుండెను.

ఇక కథలో నడుమ వచ్చు కూలితగవు. యుద్ధానంతరము ధాన్యము ధర పెరిగినప్పుడు, గింజలకు మాఱుగా డబ్బిచ్చెదమని రైతులందురు. గింజలే కావలెనని కూలీలు పట్టుపట్టుదురు. సంగదాసు కూలీల పక్షమున నిలుచును. తన యజమానియైన చౌదరయ్య దెబ్బకే ప్రాణములు విడుచును. మా పిల్లలకు డబ్బుకూలి తప్ప వేఱొకటి తెలియదు. రొయ్యలగుంటలలో పనిచేయువారికి గింజలిచ్చువా రెవరు? "కుంచమంటే ఎంత సార్?" అని యడిగిరి. ఆ వారమే భూములుగల గృహస్థు డొకడు బడికి వచ్చి, "పాత గొడవలు పిల్లలకు తవ్వి చెప్పడం దేనికి సార్? ఇప్పుడవన్నీ ఎక్కడుండాయి?" అని నన్ను నిలదీసెను. ఇదే తీరమున ఉత్తరమునకు కారంచేడులో, 1985 జూలై 17వ తేదీన, త్రాగునీటి చెఱువు దగ్గఱ మొదలైన తగవులో ఆరుగురు మాదిగలు హతులైన సంగతి నా నాలుక చివరకు వచ్చినది. చెప్పలేదు. అది పిఱికితనమో వివేకమో నే నిప్పటికిని తేల్చుకొనలేదు. "మీ ఇంట కుంచముండినచో తెచ్చి పిల్లలకు చూపగలరా?" అని మాత్ర మడిగితిని. ఆయన యాశ్చర్యపడెను గాని, మఱుసటి శనివారము ఇత్తడికట్లుగల పాతకుంచమును తెచ్చి, శేర్ల లెక్కయు తూముల లెక్కయు చక్కగా బోధించి వెళ్లెను. అంతయు విన్న వాడబాలుడు ఇంటికి పోయి నాయనమ్మ నడిగినాడట. సోమవారము వచ్చి చెప్పెను: "కుంచం ఒకటే సార్. మాకిచ్చేటప్పుడు కర్రతో అంచు చదును చేసి ఇచ్చేవాళ్లంట. మేము తీర్చేటప్పుడు గోపురం లాగా పొయ్యాలంట." ఒకే కుంచమునకు రెండు చరిత్రలు! నేను సంవత్సరములు చెప్పినను అంత స్పష్టముగా చెప్పలేకపోదును.

పుస్తకమును పొగడుట మాత్రమే నా పని గాదు. రామదాసు ఓర్పును మా పిల్లలలో పెక్కుమంది సహింపలేకపోయిరి. కొడుకు చచ్చినను వేదాంతము చెప్పు తండ్రిపై వారికి గౌరవము కలిగినది గాని యిష్టము కలుగలేదు. దొంగల నాయకుడైన వెంకటదాసును మాత్రము అందఱును వలచిరి. తండ్రికిని కొడుకునకును గల యా వివాదమే నవలయొక్క ప్రాణమని నేను చెప్పిచూచితిని. ఐనను నిజ మొప్పుకొనవలెను: ఆ యోర్పు కొంతవఱకు ఒక బ్రాహ్మణ సంస్కర్త వారినుండి కోరిన యోర్పు. 1921 ప్రాంతమున కుసుమ ధర్మన్నగారు 'మాకొద్దీ నల్లదొరతనము' అని వ్రాసినప్పుడు అందా యోర్పు లేదు. 1941 నాటి జాషువగారి 'గబ్బిలము'న కన్నీరున్నను దానితోపాటు నిలదీయుటయు గలదు. అనుభవించినవాడు వ్రాసినదానికిని, చూచి చలించినవాడు వ్రాసినదానికిని గల భేదమిది. అందుచేత పంతులుగారి గొప్పతనము తగ్గదు. మాలవాడలోని యొక కుటుంబమును నవలకు నాయకస్థానమున నిలిపి, దయాళువైన న్యాయవాది నెవ్వనిని వారిముందు నిలువబెట్టకపోవుట సామాన్యమైన సాహసము గాదు. హార్పర్ లీ నవలలో నల్లవాని కథయంతయు తెల్లవారి యింటి యరుగుమీదనుండియే మనకు కనబడును.

సంవత్సరాంతమునకు నవల పూర్తికాలేదు. అందుచేత అదే పిల్లలకు ఈ యేడు పదవ తరగతిలో దానిని కొనసాగించుచున్నాను. ఇప్పుడు నేరస్థుల సెటిల్మెంటు ప్రకరణములకు వచ్చితిమి. 1871లో పుట్టి, 1911లో విస్తరించి, 1952లో గాని రద్దుకాని క్రిమినల్ ట్రైబ్సు చట్టమును గూర్చి చెప్పవలసి వచ్చినది. స్టూవర్టుపురమున ముక్తిఫౌజువారును, మా మండలమునందే కావలిలో అమెరికను బాప్టిస్టువారును సెటిల్మెంట్లు నడిపిరనియు, ఎఱుకలను యానాదులను జాతికి జాతిగా దొంగలజాబితాలో చేర్చి రాత్రులు హాజరు పలికించిరనియు చెప్పుచుండగా, ఇంతవఱకు నోరు తెఱువని యానాది బాలిక యొకతె, "మా తాతకు ఆ హాజరు సంగతి తెలుసు సార్, వాళ్ల నాయన పలికేవాడంట" అనెను. తాతను పిలుచుకొని రాగలవా యని యడిగితిని. వచ్చు శనివారము వత్తునని ఆయన చెప్పిపంపినాడు. ఆయనకు కుర్చీ యెక్కడ వేయవలెనని పిల్లలు నన్నడిగిరి. నా బల్లప్రక్కనే వేయుడని చెప్పితిని.