గుఱ్ఱమునకు దాణా పెట్టిన దెవరు?

మా మఠంపల్లి మండలమున గుఱ్ఱంబోడు తండా యని యొక పల్లె కలదు. పేరున గుఱ్ఱమున్నది గాని, మా బడిపిల్లలు పెండ్లి యూరేగింపులలో దప్ప గుఱ్ఱమును చూచి యెఱుగరు. వారెఱిగిన ప్రభుత్వవాహనము పోలీసుబండి. మొన్న చరిత్రపాఠము నడుమ మేము, "మీ వీధిలోనికి పోలీసుబండి వచ్చిన నేమి చేయుదురు?" అని యడిగితిమి. "లోపలికి బోయి తలుపు వేసికొందుము" అని తరగతి యంతయు నొక్క గొంతుతో ననెను. ఒక బాలిక మాత్రము పలుకక యూరకుండెను. ఆ పిల్లలలో తప్పు చేసినవా రెవరును లేరు. చేయని తప్పునకు దాగుకొను బుద్ధి పసివారి కెక్కడినుండి వచ్చినదో చరిత్రలో వెదకి చూడదలచితిమి.

మా నాయనమ్మ నిజాము ప్రభుత్వకాలమున, హుజూర్‌నగరు ప్రాంతమున బుట్టి పెరిగినది. ఆమె చెప్పిన కథలలో అమీనుసాహెబుగారి గుఱ్ఱము తఱచుగా వచ్చుచుండెడిది. అమీనన నాడు పోలీసు ఠాణాకు అధికారి. ఆయన యూరికి వచ్చుచున్నాడన్న వార్త ముందుగా సేత్‌సింధీ తెచ్చువాడు. వెంటనే చాకలి నీళ్లు మోయవలెను, కుమ్మరి కుండ లీయవలెను, ఒకరు కట్టెలు, వేఱొకరు కోళ్లు తేవలెను. గుఱ్ఱమునకు గడ్డిమోపు వంతు ప్రకార మొక్కొక్క యింటినుండి పోవలెను. ఇందులో దేనికిని కూలి లేదు. "గుఱ్ఱము తినగా మిగిలినదే మా పాడియావునకు" అని యామె నవ్వుచు చెప్పెడిది. ఆ నవ్వు వెనుకనున్న దేమో మాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

ఇది మా యొక్క యింటి కథ కాదు. సంచారము చేయు నధికారులకు పల్లెలు చేయవలసివచ్చిన యీ వెట్టిచాకిరి తెలంగాణమంతటను నుండెను. 1921లో హైదరాబాదున నేర్పడిన ఆంధ్రజనసంఘమును, 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను దొలిసారి సమావేశమైన ఆంధ్రమహాసభయు వెలసిన కాలమున ప్రజలను బాధించుచుండిన ముఖ్యవిషయములలో నిది యొకటి. నాడు రాజధానిలో సమర్థులైన యధికారులు లేకపోలేదు. రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు 1920 మొదలు 1934 వఱకు నగర కొత్వాలుగా నుండి, పలువురి మన్ననకు పాత్రులైరి. కాని కొత్వాలు మంచితనము పల్లె గడపదాక రాలేదు; పల్లెకు వచ్చినది అమీను గుఱ్ఱము. పద్ధతి చెడ్డదైనపుడు పైనున్న వ్యక్తి యొక్కని మంచితనము క్రిందివానికి కూడు పెట్టదు.

మన ప్రాచీనులు దీని నెఱుగనివారు కారు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుడను నధికారిని విధించెను. ప్రతి గుఱ్ఱము యొక్క జాతి, వయస్సు, వన్నె, గుర్తులు, అది యెక్కడినుండి వచ్చినదియు నాతడు వ్రాసి యుంచవలెను. గుఱ్ఱమునకు మేపు కోశమునుండియు కోష్ఠాగారమునుండియు నెలకొకసారి కొలిచి యీయవలెనని విధి. అనగా మేపు భారము రాజుది, లెక్క పుస్తకముది. ఆ విధి మన పల్లెలలో నెంతవఱకు నడచినదో కాని, అమీనుగారి గుఱ్ఱమునకు గ్రంథమును లేదు, కోష్ఠాగారమును లేదు. మా నాయనమ్మ గడ్డిమోపే కోష్ఠాగారము.

ఇట్టి భేదమే యింగ్లండు దేశమునను కనబడును. 1819 ఆగస్టు 16వ తేదీన మాంచెస్టరు నగరమున సెయింట్ పీటర్సు మైదానమునందు, శాసనసభలో తమకు ప్రాతినిధ్యము కావలెనని యించుమించు 60,000 మంది ప్రజలు గూడిరి. వారిపైకి మొదట దూకినది యూరి ధనికులును దుకాణదారులును తమ గుఱ్ఱములతో జేరి నడపిన స్వచ్ఛందాశ్వదళము. పదునైదుగురు వఱకు మరణించిరి, గాయపడినవారు వందలు. ఎవరి గుఱ్ఱమో వారి పక్షమే యది వహించెను.

ఇంతలో లండనులో వేఱొక మార్గ మేర్పడుచుండెను. 1805లో రాజమార్గములందలి దారిదోపిడిగాండ్ర నణచుటకై బోస్ట్రీటు న్యాయస్థానము వారు అశ్వరక్షకదళమును నియమించిరి. ఎఱ్ఱని లోచొక్కాలు ధరించి, రాత్రివేళ బాటసారులకు తాము ఫలానావారమని పలికి ధైర్యము చెప్పుచు వారు తిరుగుచుండిరి. 1829లో మెట్రోపాలిటను పోలీసు స్థాపితమైనది. దాని వ్యయమునకు పేటపేటకు పన్ను విధింపబడెను. 1836లో అశ్వరక్షకులు నందు గలిసిరి. నాటినుండి ఆ గుఱ్ఱములకు దాణా పెట్టినది పన్ను గట్టు పౌరుడు.

దాని ఫల మెట్టిదో 1923 ఏప్రిలు 28వ తేదీన లోకము చూచెను. వెంబ్లీ క్రీడాప్రాంగణమున మొదటి ఫుట్‌బాలు తుదిపోటీకి, పట్టుటకు చోటున్నవారికంటె వేలకొలది యెక్కువమంది వచ్చి యాటస్థలము నిండ నిలిచిరి. జార్జి స్కోరీ యను రౌతు బిల్లీ యను తెల్లగుఱ్ఱముపై నితర రౌతులతో బాటు వచ్చి, ఎవరిని త్రొక్కక, కొట్టక, గుఱ్ఱము భుజముతో మెల్లమెల్లగా జనమును గీతల వెలుపలికి జరపెను. ముక్కాలుగంట యాలస్యముగా నాట జరిగెను. ఆ పోటీకి "తెల్లగుఱ్ఱపు పోటీ" యను పేరే నిలిచినది.

అయినను, దాణా మనదైనంత మాత్రమున గుఱ్ఱము మనదగునని నమ్మరాదు. 1984 జూను 18వ తేదీన అదే దేశమున ఆర్గ్రీవు వద్ద సమ్మెచేయు బొగ్గుగని కార్మికులపైకి పోలీసుగుఱ్ఱములే దూకెను. కార్మికులపై బెట్టిన యభియోగములు 1985లో న్యాయస్థానమున నిలువలేదు. 1991లో పోలీసువారే 39 మంది కార్మికులకు పరిహార మీయవలసివచ్చెను. దాణా పెట్టినవాడు లెక్క యడిగినపుడే గుఱ్ఱము దారిలో నడచును. అచ్చటి పౌరు లడిగిరి గనుకనే పరిహారము వచ్చెను.

ఇక గుఱ్ఱము పోయి మోటారు వచ్చిన వైనము. లండనులో 1919లో దొంగల వెంట బడుటకై యేర్పడిన ప్రత్యేకదళము మొదట గుఱ్ఱపుబండ్లలోనే దాగి తిరిగెను. 1920లో వారికి యుద్ధవిమానదళము వాడి విడిచిన క్రాస్లీ మోటారుబండ్లు రెండు లభించెను. అచ్చట మోటారు దొంగను తఱుముటకు వచ్చినది. మనకు మోటారు వచ్చిన తెఱగు వేఱు. మా నాయనమ్మ తరమువారు లారీ చప్పుడును మొదట రజాకార్ల రాకగా నెఱిగిరి. 1948 సెప్టెంబరు 13వ తేదీన బెజవాడ వైపునుండి భారతసైన్యము సరిహద్దు దాటి మా పొరుగుననున్న కోదాడను ప్రవేశించెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. వచ్చినవి టాంకులు, సాయుధశకటములు, వచ్చినవారు సైనికులు, అయినను దానికి నిలిచిన పేరు "పోలీసుచర్య". ఆపై 1951 అక్టోబరులో సాయుధపోరాటము విరమింపబడు వఱకు నల్లగొండ జిల్లా పల్లెలలో సోదాలు, శిబిరములు. బండి చప్పుడు విన్నంతనే పొలములలోనికి బరుగెత్తుట యొక తరమునకు ప్రాణరక్షణోపాయ మయ్యెను. మా తరగతి పిల్లలు వేయుదుమన్న తలుపు ఆ పరుగునకు శేషము.

నేడు హైదరాబాదున అశ్వదళము గణేశనిమజ్జనమువంటి జనసమ్మర్దములలో కనబడుచున్నది. గోషామహలున వారి గుఱ్ఱపుశాల చిరకాలము నుండెను. బాష్పవాయువు విసరు "వజ్ర" వాహనమును పట్టణవాసులెఱుగుదురు. 2014లో తెలంగాణరాష్ట్ర మేర్పడినపిమ్మట క్రొత్త యిన్నోవాకార్లును మోటారుసైకిళ్లును గస్తీకి వచ్చినవి. వీనిలో పోయు నూనె మన పన్నుతో గొన్నది. సిమెంటుబస్తా మొదలు మనము గొను వస్తువులలో పన్ను గట్టని దెంత? గడ్డిమోపు నేడును మనమే మోయుచున్నాము. కాని నేడు మోపునకు రసీదు కలదు, రసీదుతో హక్కు కలదు.

ఈ మాట తెలిసినవారమే, మేమొక రాత్రి దానిని మఱచితిమి. గత శ్రావణమున మా వీధిలో నొక గృహస్థుడు త్రాగి వచ్చి భార్యను కొట్టుచుండెను. ఆమె కేకలు విని మేము వాకిటికి వచ్చితిమి. ఫోను మా చేతనే యుండెను. "పోలీసుబండి వచ్చి గుమ్మమున నిలిచిన నా యింటి పరువేమి గావలెను?" అని పెద్దలొక రనిరి, ఆ మాట మాకును సమంజసముగనే తోచెను. మేమట్లు తర్కించుచుండగా నెదురింటి బాలిక, మా శిష్యురాలు, 100కు ఫోను చేసెను. బండి వచ్చెను. ఆ యిల్లాలు ఆ రాత్రియే పుట్టింటికి క్షేమముగా జేరెను. మఱునాడు తరగతిలో ఆ బాలిక మొగము చూచుటకు మాకు సిగ్గయ్యెను. మొన్న మా ప్రశ్నకు బలుకక యూరకున్న బాలిక యామెయే.

గృహస్థులైన చదువరులకు మా విన్నపము రెండు మాటలు. అన్నము తినని పిల్లలను "పోలీసువాడు పట్టుకొనిపోవును" అని బెదరించుట మానుడు. దానికి మాఱుగా 100, 112 అను నంకెలు వారికి నేర్పుడు. ఇక పిలిచినపుడు రాని బండిని గూర్చియు, పిలువకయే వచ్చి బెదరించిన బండిని గూర్చియు వ్రాతమూలముగా లెక్క యడుగుడు; 2005 నాటి సమాచారహక్కు చట్టము అందులకే యున్నది. మా నాయనమ్మకు గడ్డిమోపు దించి తలవంచుకొని పోవుట తప్ప వేఱు దారి లేకుండెను. మనకు గలదు.