నీలిరంగు ఆలస్యమైతే

మేట్టుపాళయంలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి అటవీ కళాశాల ఉన్నది కదా. మీ ఇంటి పిల్లలెవరైనా అక్కడ చదువుతుంటే అడిగి చూడండి, మట్టిలో భాస్వరం ఎంతుందో ఎలా కొలుస్తారని. మట్టి నుంచి తీసిన ద్రవంలో ఆమ్లం, మాలిబ్డేటు కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ.

ఈ నీలిరంగు కొలతకు జీవరసాయనశాలల్లో దశాబ్దాలపాటు నిలిచిన పేరు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. 1923లో బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేదు. ఆస్పత్రిలో రాత్రిపూట చాకిరీ చేస్తూ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధనకు కుదిరారు. పద్ధతి 1925లో అచ్చయింది.

అసలు కథ ఆ తరువాతిది. కండరాల రసంతో కొలిస్తే రంగు వెంటనే రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడింది. మరొకరైతే పొరపాటని పారబోసేవారేమో! వీరు వదలలేదు. ఏదో పదార్థం ఆమ్లంలో విడిపోతూ భాస్వరాన్ని వదులుతోందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, కండరం పనిచేయడానికి దాచుకునే శక్తి. 1927లో లోకానికి తెలిపారు.

ఆ విద్యార్థికి డాక్టరేటు పట్టా అందింది మాత్రం 1930లో.