అకాడమీకి పనికిరాని కాగితం
లండన్‌లో 1768లో పుట్టిన కళాసంస్థ రాయల్ అకాడమీ మరుసటి ఏడు నుంచే వార్షిక ప్రదర్శన మొదలుపెట్టింది. వచ్చినవాటిలో ఏవి గోడకెక్కాలో సభ్యులే తేల్చేవారు. కుట్టుపని, గవ్వలపని, కృత్రిమ పూలతో పాటు కత్తిరించిన కాగితాన్నీ త్వరలోనే నిషేధించారు. ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్లు ఇంట్లో చేసే పనులు కావడం కాకతాళీయమేమీ కాదు.

ఆ రోజుల్లోనే, 1772లో, డెబ్బై రెండేళ్ల మేరీ డెలానీ కత్తెర పట్టారు. చేతికందిన ఎర్ర కాగితం రంగు అచ్చం జెరేనియం పూరేకులా ఉండటం ఆమె కంటపడింది. నల్లరంగు పూసిన కాగితం మీద రేకులు, కేసరాలు, ఈనెలు విడివిడిగా అతికించేవారు. కొన్ని పూలకు వందల ముక్కలు పట్టేవి. అక్కడక్కడా నిజమైన ఆకునే అంటించేశారు. పదేళ్ల తర్వాత చూపు మందగించి ఆపేసేనాటికి దాదాపు 1,000 చిత్రాలు తయారయ్యాయి. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

కాగితానికి పెద్దల గుర్తింపు రావడానికి మరో శతాబ్దం పైనే పట్టింది. 1912లో ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ బ్రాక్ ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో ఒక దుకాణంలో చెక్క గీతలు అచ్చేసిన గోడకాగితం కొని బొగ్గుతో గీసిన బొమ్మలో అతికించాడు. అంతకు కొన్ని నెలల ముందే పికాసో తన చిత్రంలో ఆయిల్‌క్లాత్ ముక్క అంటించాడు. ఇలా ముక్కలు అతికించి బొమ్మ చేసే కొలాజ్ కళ చరిత్ర చాలాకాలం వీళ్లిద్దరితోనే మొదలైనట్టు రాశారు. డెలానీ ఊసే ఉండేది కాదు.

ఇప్పుడు కొలాజ్‌కు సొంత వేదికలు కూడా ఉన్నాయి. అమెరికాలో 1982లో ఏర్పడిన నేషనల్ కొలాజ్ సొసైటీ ఈ కళకే ప్రత్యేకంగా జ్యూరీ ప్రదర్శనలు నడుపుతోంది. ఇలాంటి పోటీల్లో తొలి వడపోత తరచూ ఫొటోలు చూసే జరుగుతుంది. పొరల మందం, లేచిన అంచు వాటిలో సరిగా తెలియవు.