డాన్సు షూ అడుగున ఉన్న మన లంద కథ



మొన్న మన సంఘం కూడినప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. బాల్‌రూమ్ డాన్సు నేర్చుకుంటున్న మన పిల్ల ఒకతె కొత్తగా కొన్న షూ జత తెచ్చి చూపించింది. "ఇంత డబ్బు పోసి కొన్నాం, అడుగున రబ్బరైనా లేదు, మోసపోయామేమో" అని వాళ్లమ్మ దిగులు పడింది. పక్కనున్న తాత ఒకాయన షూ అందుకుని, బొటనవేలితో అడుగు రుద్ది, నడుమ వంచి చూసి, "మోసం లేదమ్మా. ఇది తోలు లోపలి పొర. తడి తగలనీయకండి, చాలు" అన్నాడు. డాన్సు హాలు గడప ఎన్నడూ తొక్కని మనిషి ఆయన. చిన్నతనంలో లంద దగ్గర పని చేసినవాడు. వెంటనే ఆయన మనవడు, "తాతా, ఆ సంగతులు ఇక్కడెందుకు" అని ఆపేశాడు. తాత షూ కింద పెట్టి ఊరకుండిపోయాడు.

ఆ మౌనం మాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాం.

ముందు ఆ షూ ఎక్కడ పుట్టిందో చూద్దాం. 19వ శతాబ్ది మొదట్లో వాల్ట్జ్ నాట్యం యూరప్ నుంచి లండన్ పెద్దింటివాళ్ల హాళ్లలోకి వచ్చింది. అప్పటి ఆడవాళ్ల డాన్సు చెప్పులు పట్టుగుడ్డతోనో పలచని మేకపిల్ల తోలుతోనో కుట్టినవి. మడమ ఉండేది కాదు. కుడి ఎడమ తేడా కూడా లేదు, ఏ కాలికైనా అదే అచ్చు. ఒకటి రెండు రాత్రులు గట్టిగా ఆడితే చిరిగిపోయేవి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఈ నాట్యాలకు ఒక పద్ధతి వచ్చింది. 1920లో లండన్‌లో డాన్సు గురువులు కూడి అడుగులకు నియమాలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. అదే ఏడు బ్లాక్‌పూల్‌లో డాన్సు పండుగ మొదలైంది. 1924లో ఇంపీరియల్ సొసైటీ ఆఫ్ టీచర్స్ ఆఫ్ డాన్సింగ్‌లో బాల్‌రూమ్ శాఖ ఏర్పడింది. పోటీలు, పరీక్షలు వచ్చాక ఒక్క రాత్రికి చిరిగే చెప్పు సరిపోదు కదా. జారాలి కానీ పడెయ్యకూడదు, కాలిని పట్టి ఉంచాలి కానీ వంగాలి. అలాంటి షూ కావాలంటే అలాంటి తోలు కావాలి.

ఇక్కడ మన కథ వస్తుంది.

తమిళనాడులో స్థిరపడ్డ తెలుగు అరుంధతీయుల పెద్దలకు తోలుపని కొత్త కాదు. పచ్చి తోలు తెచ్చి, సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, మాంసం వైపు గీకి, లందలో తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టేవాళ్లు. తంగేడుతో ఊరిన తోలు వెలుగు తగిలితే ఎర్రబడుతుంది. అది ఆపడానికి చివర్లో కరక్కాయ నీళ్లు పట్టించేవాళ్లు. ఈ చెట్టుచెక్క పద్ధతిలో మద్రాసు ప్రెసిడెన్సీలో పదునుచేసిన తోళ్లకు బయట "ఈస్ట్ ఇండియా తోలు" అని పేరు. 19వ శతాబ్దిలోనే ఓడలెక్కి లండన్ వేలంపాటలకు పోయేది. అక్కడ బూట్ల పైభాగాలకు, లోపలి అస్తరుకు, పుస్తకాల అట్టలకు వాడేవాళ్లు.

1884లో న్యూయార్క్‌లో ఆగస్టస్ షుల్ట్జ్ అనే రసాయనవేత్త క్రోమియం లవణాలతో తోలు పదునుచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. చెట్టుచెక్కతో వారాల తరబడి పట్టే పని రోజుల్లోకి దిగింది. ఆ తోలు మెత్తగా, సాగేలా, నీటికి తట్టుకునేలా వచ్చింది. ఫిలడెల్ఫియాలో ఆ పద్ధతితో నిగనిగలాడే మేకతోలు చేసి నాజూకు బూట్లకు అమ్మారు. దానికోసం మద్రాసు నుంచి పచ్చి మేకతోళ్లే అమెరికాకు ఎగుమతయ్యాయి. 20వ శతాబ్ది తొలి ఏళ్లలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజినీరు మద్రాసులో క్రోము పద్ధతి మొదలుపెట్టించాడు. ఆ తోలును మొదట ఏ పనికి వాడి చూశారో తెలుసా? బావి మోటకు. రోజంతా నీళ్లలో మునిగి లేచే మోట బానకు నీటికి తట్టుకునే తోలు కావాలి. మన పెద్దలు కుట్టింది ఆ బానలే.

అదే కాలంలో అరక్కోణం, జోలార్‌పేట లాంటి రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్లు ఇన్‌స్టిట్యూట్ హాళ్లలో వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్ ఆడేవాళ్లు. జోలార్‌పేట నుంచి అదే రైలు దారిలో పోతే వాణియంబాడి, ఆంబూరు తోలు కార్ఖానాలు. ఒక స్టేషన్‌లో నాట్యం, పక్క స్టేషన్లలో తోలు. రెంటికీ మధ్య ఎంత దూరమంటే, చెప్పులు కుట్టిన మనవాళ్లు చాలా ఊళ్లలో పెద్దకులాల వీధి దాటేటప్పుడు ఆ చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. కుట్టే హక్కుంది, తొడుక్కునే హక్కు లేదు. దీన్ని మన ఇళ్లలో విన్నవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇప్పుడు తాత చెప్పబోయి ఆగిపోయిన మాటలు మేము పూర్తి చేస్తాం. డాన్సు నేర్చే మన పిల్లలందరికీ పనికొస్తాయి.

తోలుకు రెండు ముఖాలు. వెంట్రుకలుండే వైపు నునుపు, మాంసం వైపు నూగు. ఆ నూగు వైపును రాపిడి పెట్టి మఖమల్‌లా చేస్తే స్వేడ్. డాన్సు షూ అడుగు అదే. రబ్బరు నేలను గట్టిగా పట్టేస్తుంది, తిరిగేటప్పుడు పాదం ఆగి మోకాలు మెలిపడుతుంది. నున్నటి తోలు మరీ జారుతుంది. స్వేడ్ రెంటికీ నడుమ.

కొనేటప్పుడు సాయంత్రం కొనండి, నడిచి నడిచి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. తోలు షూ వాడేకొద్దీ సాగుతుంది కాబట్టి బిగువుగా ఉండాలి, కానీ వేళ్లు ముడుచుకోకూడదు. నడుమ పట్టుకుని వంచి చూడండి. వేళ్ల మొదట్లో వంగాలి, పాదం గుంత దగ్గర వంగకూడదు. అక్కడ లోపల రేకు ఉండి నిలబెడుతుంది. వాల్ట్జ్ లాంటి నాట్యాలకు ఆడపిల్లలది ముందు మూసిన షూ, మగపిల్లలది పొట్టి మడమ. లాటిన్ నాట్యాలకు ఆడపిల్లలది ముందు తెరిచిన పట్టీల చెప్పు, మగపిల్లలది కాస్త ఎత్తు మడమ. మొదటి జత కొనే ఆడపిల్లలకు సన్నటి మడమ కన్నా వెడల్పు మడమ మేలు.

వాడేటప్పుడు హాలు బయట ఒక్క అడుగు కూడా ఈ షూతో వేయకండి. తడి, మట్టి, నూనె తగిలితే నూగు అణిగి గట్టిపడుతుంది. అణిగినప్పుడు తీగల బ్రష్‌తో నెమ్మదిగా, ఒకే దిక్కుకు దువ్వండి. ఆడాక వెంటనే సంచిలో కుక్కకండి, చెమట ఉప్పు తోలును తింటుంది. నీడలో, గాలి ఆడేచోట ఆరనివ్వండి, లోపల పాత పేపరు ఉండ పెట్టండి. ఎండలో పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది. లందలోంచి తీసిన తోలును మన పెద్దలు నీడనే ఆరబెట్టింది అందుకే. సముద్రం దగ్గర ఉన్నవాళ్లు వానాకాలంలో బూజు చూసుకోండి. మెరుగు తోలు షూలు ఒకదానికొకటి అంటుకోకుండా పక్కలకు రవ్వంత వాజలీన్ రాయండి.

ఇందులో లంద దగ్గర పని చేసినవాళ్లకు తెలియనిది ఎంత? రేకు, మడమ, నాట్యాల పేర్లు కొత్తవి. తోలు సంగతి మొత్తం పాతదే.

ఇంకొక మాట. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు తోలుపని కులంలో పుట్టలేదు. చదువుకుని తోలునే ఎంచుకున్నారు. 1948లో మొదలైన చెన్నై అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్నారు. 1970ల్లో ప్రభుత్వం సగం పదునుచేసిన తోళ్ల ఎగుమతికి కళ్లెం వేశాక, ఆంబూరు, వాణియంబాడి తోలుతో పాటు షూలు కూడా పంపడం మొదలుపెట్టాయి. ఒకరు చదివితే శాస్త్రం అయిన పని, మనవాళ్లు చేస్తే అంటరానిది ఎలా అయింది? ఈ ప్రశ్న మన పిల్లలు అడగాలి. అడగాలంటే ఆ పని సంగతి ముందు వాళ్లకు తెలియాలి.

పిల్లలు మళ్లీ లంద దగ్గరికి పోవాలని మేము అనడం లేదు. వాళ్లు డాక్టర్లు కావాలి, డాన్సర్లు కావాలి. కానీ ఇంట్లో ఉన్న తెలివిని సిగ్గుపడి పాతేసుకోవద్దు.

వచ్చే కూటమికి మీ ఇళ్లలో ఆరె, రంపె, గూటం లాంటి పనిముట్లేమైనా మిగిలుంటే తీసుకురండి, పేర్లు రాసి పెడదాం. తాతను ముందు వరసలో కూర్చోబెడదాం. ఈసారి ఆ పిల్ల షూ ఆయన చేతికిస్తే, ఆయన మాట ముగిసేదాకా ఎవరూ ఆపకండి.