‘ఆక్సీ’ శబ్దార్థవిచారము

డచ్చి తూర్పిండియా కంపెనీ చరిత్రను మూలపత్రములనుండి యాంగ్లమునకుఁ దెచ్చువారిని చిక్కులు పెట్టు శబ్దములలో ‘ఆక్సీ’ యొకటి. లాటినునందలి ‘ఆక్టియో’ దీనికి మూలము; ‘చేయుట’ యని ధాత్వర్థము. కావున ‘ఆక్షన్’ అని వ్రాసినచో శబ్దమునకు శబ్దము సరిపోవును గాని, యర్థము పోవును. అయినను పూర్వ మాంగ్లేయులే యట్లు వ్రాసిరి. కంపెనీ వాటాకు ‘ఆక్షన్’ అనియు, వాటాదారునకు ‘ఆక్షనిస్టు’ అనియుఁ గల ప్రయోగములు వారి పెద్దనిఘంటువులందుఁ గానవచ్చును, వాడుకలో నశించినవి.

పంకజశబ్దము బురదలోఁ బుట్టిన ప్రతిదానిని జెప్పనట్లు, ఇందును రూఢియే బలవత్తరము. అయితే ధాత్వర్థమునకును వర్తకరూఢికిని నడుమ నొక మెట్టు కలదు. రోమకుల ధర్మశాస్త్రమున ‘ఆక్టియో’ యనఁగా వ్యాజ్యము, వ్యాజ్యము వేయుటకుఁ గల హక్కు. తనకు రావలసినదాని నిప్పింపుఁడని యడుగు నధికారము. డచ్చివర్తకుల ‘ఆక్సీ’ ఈ మెట్టునుండి పుట్టినది. అది కంపెనీలోని భాగము కాదు, కంపెనీమీఁది హక్కు.

ఈ భేద మెంతటిదో కంపెనీ చరిత్రయే చెప్పును. 1602 మార్చి 20వ తేది సనదు పుట్టెను. గడువు 21 సంవత్సరములు. ఆరు పట్టణముల శాఖలయందును గూడిన మూలధన మించుమించు 64 లక్షల గిల్డరులు. ఆ సొమ్ముతో నోడలు నడపిరి. మచిలీపట్టణమున వర్తకశాల నిలిపి మన తీరపు నేతబట్టలు కొని, వానిని తూర్పుద్వీపములకుఁ గొనిపోయి సుగంధద్రవ్యములకు మార్చిరి. పదియేండ్లకు సమగ్రమైన లెక్క చూపవలెననియు, కోరినవారు తమ సొమ్ము తీసికొని పోవచ్చుననియు సనదులోని షరతు. 1612 వచ్చెను, సొమ్ము మాత్రము రాలేదు. అధికారులు లెక్క తేల్చుటకు సమ్మతింపలేదు. ప్రభుత్వమును వారి పక్షమే వహించెను. ఇఁక సొమ్ము కావలసినవానికి మిగిలిన దారి, తన హక్కును మఱియొకనికి విక్రయించుటయే. అమ్మువాఁడును గొనువాఁడును కంపెనీ కచేరీకి రాఁగా, గుమాస్తా యావర్జాలో నొకని పేర నున్న మొత్తమును మఱియొకని పేరికి మార్చి వ్రాయును. ఇద్దఱధికారుల సమ్మతి కావలెను. చేత నిచ్చి పుచ్చుకొను పత్రమేదియు లేదు.

ఈ సంగతి మఱచుటచే నిటీవల నొక వింత జరిగినది. ఎన్ఖూయిజెను శాఖవారు 1606లో నిచ్చిన కాగిత మొకటి 2010లో హోర్ను పట్టణపు పత్రభాండారమున బయలుపడఁగా, దానిని లోకమున మొట్టమొదటి వాటాపత్రమని చాటిరి. అది సొమ్ము ముట్టినదని యిచ్చిన రసీదు. రసీదును ‘షేరు’ అని తెనిఁగించినను, ఆంగ్లీకరించినను, ఆవర్జా మఱుగున పడును.

ఆంగ్లేయులకుఁ దమదగు మాట లేకపోలేదు. వారి తూర్పిండియా కంపెనీలో తొలుత నొక్కొక్క యాత్రకు వేఱువేఱ సొమ్ము కూర్చి, యోడ తిరిగివచ్చినపిదప లాభముతోఁ బంచుకొనెడివారు. కావున నా పెట్టుబడికి సాహసార్థకమైన ‘అడ్వెంచరు’ అని పేరు. జాన్ ఈవ్లిన్ 1682లో తన 250 పౌనుల ‘అడ్వెంచరు’ను రాయలు సొసైటీవారికి 750 పౌనులకు విక్రయించితినని దినచర్యలో వ్రాసికొనెను. కాలోచితమైన మాటయే, కాని నేఁటి పాఠకునకు వేఁటకథ స్ఫురించును. అదియుఁగాక, సముద్రయాత్రలోని యపాయమును దెలుపునే గాని, అడిగిపుచ్చుకొను హక్కును దెలుపదు.

కావున ‘షేరు’ అనియే వ్రాయవలయును, సహజమైన యాంగ్లమదియే. అది భాగవాచకముగదా, దేనిలో భాగమని యడుగవచ్చును. కంపెనీ యాస్తిలో వాటాదారునకు స్వామ్యము లేదని బాచా గుజ్దారు వ్యాజ్యమున మన సుప్రీముకోర్టు 1954లోనే తీర్పు చెప్పినది. ప్రకటించిన లాభమును బొందుటకు, కంపెనీ మూసివేయునపుడు మిగిలినదానిలోఁ బాలు పొందుటకు మాత్రమే యతనికి హక్కు. ‘షేరు’ రూఢిచే నిలిచినది. వస్తుతత్త్వమునకు దగ్గఱి మాట ‘ఆక్సీ’యే. 1612 నాఁటి తగవును వర్ణించు తావులందు మాత్రము ‘హక్కు’ను దెలుపు ‘క్లెయిము’ శబ్దమును జేర్చుట మంచిది. మన ధర్మశాస్త్రములలోని సంభూయసముత్థానమున నంశశబ్దము స్వారస్యముతోఁ జెల్లును. అందు వర్తకులే సొత్తునకు స్వాములు, లాభనష్టములు రెండును వారివే. ఆ యంశమును దెచ్చి యిచటఁ బెట్టుట నాకు సమ్మతము కాదు.

జర్మనులును ఫ్రెంచివారును నీ శబ్దమునే నేఁటికిని వాటాకు వాడుచున్నారు. డచ్చివారు మాత్రము దానిని విడిచి భాగార్థకమైన ‘ఆన్‌డేల్’ శబ్దమును గైకొనిరి. నేఁటి డచ్చి యంగడిమీఁద ‘ఆక్సీ’ యని పలక కట్టియున్నచో, అది కొన్నాళ్లు మాత్రము సరకు తగ్గింపుధర కిచ్చెదమను ప్రకటన.