సినిమా ప్రదర్శన: కాలం ఎవరిది?

సినిమాను గురించి మన విమర్శకులు చాలా రాశారు. కథను తూచారు, పాటను తూచారు, నటుణ్ణి తూచారు. కాని ఆ బొమ్మ ఏ ఊళ్ళో, ఎన్నాళ్ళు, ఎవరి షరతుల మీద ఆడిందన్న ప్రశ్నను వ్యాపారులకు వదిలివేశారు. సాహిత్య చరిత్రలో కవితోబాటు పోషకుణ్ణీ, అచ్చుయంత్రాన్నీ లెక్కలోకి తీసుకోవాలని తరగతిలో చెప్పే నాకు ఈ ఉపేక్ష తగదనిపిస్తుంది.

మొదట ప్రదర్శకుడే సర్వస్వం. మద్రాసులో ఫోటోగ్రాఫరుగా ఉండిన రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతాన క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించి, విక్టోరియా పబ్లిక్ హాలులో చూపి, ఆపైన దాన్ని వెంటబెట్టుకొని ఊళ్ళు తిరిగారు. బర్మా, సింహళాల దాకా పోయారు. యంత్రం ఆయనదే, బొమ్మల ఎంపిక ఆయనదే, నష్టం వస్తే అదీ ఆయనదే. తర్వాత మద్రాసులో గెయిటీ మొదలైన హాళ్ళు కట్టించారు. బెజవాడలో 1921లో మారుతీ సినిమా వెలిసింది.

1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ వచ్చింది. పెట్టుబడి పెరిగింది. నిర్మాతకూ హాలు యజమానికీ నడుమ పంపిణీదారుడు నిలిచాడు. సినిమా పూర్తికాక మునుపే నిర్మాతకు సొమ్ము ముట్టజెప్పి, ఆంధ్ర, సీడెడ్, నైజాం అని పంచుకొన్న ప్రాంతాలలో హక్కులు కొన్నాడు. ప్రింటు పెట్టెతోబాటు టిక్కెట్ల లెక్క చూసే అతని మనిషి కూడా ఊళ్ళోకి దిగేవాడు.

ప్రింట్లు ఖరీదైనవి, కొద్దివి. కనుక అవి ముందు పెద్ద పట్టణాలలో ఆడి, తర్వాత చిన్న పట్టణాలకూ, చివరకు పల్లె డేరాలకూ చేరేవి. ఏ, బి, సి సెంటర్లన్న మాట అలా పుట్టింది. గోడపత్రికలు, కరపత్రాలు, వీధులు తిరిగే మైకు బండి ప్రచార సాధనాలైనా, వాటిని మించిన ప్రచారం చూసివచ్చినవాడి నోటిమాట. బొమ్మ యాభై రోజులు ఆడేచోట నోటిమాటకు తిరిగే వ్యవధి ఉంటుంది. కాని దీనిని స్వర్ణయుగమని పొగడనక్కరలేదు. పట్నంవాడు మొదటివారం చూసిన బొమ్మను కూలివాడు నెలల తరవాత, గీతలు పడిన ప్రింటులో, నేలమీద కూర్చుని చూశాడు. కాలాన్ని కూడా తరగతులవారీగా పంచిన వ్యవస్థ అది.

డిజిటల్ ప్రదర్శన ఆ నిరీక్షణను రద్దుచేసింది. ఇది నిస్సందేహంగా ప్రజలకు లాభం. కాని పెట్టె పోయినచోట కొత్త రుసుము వచ్చింది. దాని మీద తగవు ముదిరి 2018 మార్చిలో తెలుగు రాష్ట్రాల హాళ్ళు కొన్నాళ్ళు మూతబడ్డాయి. ఇక ఒకేరోజు వందల తెరల మీదికి వచ్చే బొమ్మ ఆ వారాంతంలోనే పెట్టుబడి రాబట్టాలి. నోటిమాట పుట్టేలోపలే ఆట ముగుస్తుంది కనుక ముందుగానే హోరు పుట్టించాలి. ప్రచారవ్యయం పెరగడానికి అసలు కారణం అభిరుచి పతనం కాదు, వ్యవధి కుంచించుకుపోవడమని నా అభిప్రాయం. హోరు కొనలేని చిన్న సినిమా మంచిదని తెలిసేనాటికి గోడమీది కాగితం మారిపోతుంది.

ఈ మార్పులో స్వతంత్ర హాలు యజమాని నలిగిపోయాడు. చాలా హాళ్ళు కొద్దిమంది లీజుదారుల చేతికి పోయాయి, కొన్ని కల్యాణమండపాలయ్యాయి. 2025 మేలో ప్రదర్శకులు అద్దె కాదు, వసూళ్ళలో వాటా కావాలని జూన్ 1 నుంచి హాళ్ళు మూస్తామన్నారు, చివరకు మూయలేదు. ప్రభుత్వమేమో 2021 ఏప్రిల్ ఉత్తర్వుతో ఆంధ్రప్రదేశ్ పల్లెహాలులో ఐదు రూపాయల టిక్కెట్టు నిర్ణయించి, మరుసటి ఏడాది మార్చిలో దాన్ని సవరించింది. టిక్కెట్టు ధర గురించి ఇంత వాదం జరిగింది. బొమ్మకు దొరికే రోజుల గురించి జరగలేదు.

ధర తగ్గితే పేదవాడు హాలులోకి రాగలడు. కాని అతని బ్రతుకును చూపిన బొమ్మ అక్కడ రెండోవారం నిలవగలిగినప్పుడే ఆ ప్రవేశానికి అర్థముంటుంది. చిన్న చిత్రాలకు కొన్ని ఆటలూ, కొన్ని వారాలూ కేటాయించాలని అడగడం కళాభిమానుల ముచ్చట కాదు, ప్రజల హక్కు. ఆ కోరికను సినీవ్యాపారుల సభలకు వదలక, రచయితలూ ప్రేక్షకులూ తామే ఎత్తుకోవాలి.